ప్లాస్మా టీవీ: నఫా ఎవరికి, నుక్సాన్ ఎవరికి?



పోయిన జుమా నాడు నమాజ్ చదువుకొని ఇంటికొచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నానో లేదో, నల్గొండ నుంచి ఆపా ఫోను. మా భాంజీకి హైదరాబాద్ నుంచి ఒక రిష్తా వచ్చింది. అబ్బాయికి మంచి నౌకరీ, ఖాందాన్ కూడా మంచిదే. చూడటానికి వచ్చినవాళ్లు "మాకేం వద్దు, మీ బేటీకి మీరేమిచ్చుకున్నా అది ఆమెదే" అన్నారట. అందరూ ఖుషీ. పోతూ పోతూ గడప దగ్గర చెప్పులేసుకుంటూ అబ్బాయి తండ్రి, "మా దీవాన్‌ఖానా పెద్దది భాయ్, చిన్న టీవీ ఆనదు. మావాడు ఓఎల్‌ఈడీ, 65 అంగుళాలు అని ఏదో అంటుంటాడు" అని కూడా అన్నారట.

"నీకు ఇవన్నీ మాలూమ్ కదా భయ్యా, ఏ కంపెనీది మంచిదో చూసి చెప్పు" అంది ఆపా.

ఫోను స్పీకర్లో ఉన్నట్టుంది. వెనక నుంచి అబ్బా గొంతు వినిపించింది. "ఈసారి కూడా వాడే సెలెక్ట్ చేస్తాడా?"

ఆపా నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. 73 ఏళ్ల మనిషి ఆ ఒక్క మాట 16 ఏళ్లు దిల్‌లో దాచుకున్నారని అప్పుడే తెలిసింది. ఆ మాట వెనక ఒక ప్లాస్మా టీవీ ఉంది. ఇప్పుడు ఏ షాపుకు పోయినా కొత్త ప్లాస్మా దొరకదు. అయినా దాని నఫా-నుక్సాన్ హిసాబ్ ఈరోజు మన ఇళ్లలో మళ్లీ వేసుకోవాల్సిన అవసరం ఉందనిపించి ఇది రాస్తున్నాను.

2009లో మా చెల్లెలి నికాహ్. రిష్తా సూర్యాపేట నుంచి. అప్పుడు కూడా ఎవరూ నోరు తెరిచి అడగలేదు. మధ్యవర్తిగా ఉన్న చాచా ఒకరోజు వచ్చి, "వాళ్ల పెద్ద కోడలు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ తెచ్చుకుంది. ఇప్పుడు అందరూ ప్లాస్మా ఇస్తున్నారు" అని చాయ్ తాగి పోయారు. ఆ రోజుల్లో "ప్లాస్మా" అంటే ఏమిటో తెలిసినవాళ్లు మా మొహల్లాలో ఎవరూ లేరు. గోడకు తగిలించే పలచటి టీవీ ఏదైనా సరే అందరికీ ప్లాస్మాయే. టీవీ పేరు కన్నా అది ఒక హోదా పేరు అయిపోయింది.

అబ్బా ఆర్టీసీలో కండక్టర్. ఇంకో ఏడాదిలో రిటైర్మెంట్. ఆయన నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నారు, "ఇత్తా బడా నక్కో బేటా. 29 అంగుళాల డబ్బా టీవీ ఇద్దాం, బాగానే ఉంటది కదా."

నేనప్పుడు పేపర్లో చేరి ఆరేళ్లు. ఆదివారం పేజీలో కొత్త వస్తువుల మీద కాలమ్ రాసేవాణ్ణి. ఉర్దూ మీడియంలో పదో తరగతి దాకా చదివి, తెలుగులో డిగ్రీ చేసి, తెలుగు పేపర్లో పేరు అచ్చయ్యే స్థాయికి వచ్చానని నాకు కొంచెం గురూర్ ఉండేది. "డబ్బా టీవీ ఇస్తే నలుగురిలో ఇజ్జత్ ఏముంటది అబ్బా? ఇస్తే అసలైన ప్లాస్మా ఇద్దాం" అన్నాను. హైదరాబాద్ షోరూమ్‌కు తీసుకెళ్లి 42 అంగుళాల సెట్ నేనే చూపించాను. 52 వేలు. అబ్బా పీఎఫ్‌లోంచి తీశారు. ఆ ఏడాది తులం బంగారం 15 వేల చిల్లర. అంటే మూడు తులాల పైనే ఒక అద్దం పెట్టెలో పోసి సూర్యాపేటకు పంపించాం. ఆ మూడు తులాలు చెల్లెలి మెడలో ఉండి ఉంటే ఈరోజు వాటి విలువ ఎంతో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇది నా కసూర్. ముందే ఒప్పుకుంటున్నాను. ఇక వస్తువు సంగతికి వస్తాను. ఎందుకంటే నేను చేసిన గలతీకి ఆ టీవీని తిట్టడం ఇన్సాఫ్ కాదు.

మొదట అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన ఇంట్లో ట్యూబ్‌లైట్ ఉంది కదా, అదే సూత్రం. ట్యూబ్‌లో ఉన్న ఆవిరికి కరెంటు తగిలితే కంటికి కనపడని అతినీలలోహిత కాంతి పుడుతుంది. లోపల పూసిన పొడి ఆ కాంతిని తాగి తెల్లగా వెలుగుతుంది. ప్లాస్మా తెర అంటే రెండు అద్దాల మధ్య లక్షల కొద్దీ చిన్న చిన్న గదులు. ఒక్కో గదిలో నియాన్, జినాన్ వాయువులు. గోడలకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొడి పూత. కరెంటు తగిలిన గది వెలుగుతుంది, తగలనిది దాదాపు చీకటిగా ఉంటుంది. అంటే ప్రతి చుక్కా తన వెలుగు తానే ఇచ్చుకుంటుంది. ఎల్‌సీడీ అట్లా కాదు. దానికి వెనక ఒక దీపం ఉంటుంది. ముందున్న పొర ఆ దీపం వెలుగును కొంత ఆపి, కొంత వదిలి బొమ్మ తయారు చేస్తుంది. ఇప్పుడు మనం "ఎల్‌ఈడీ టీవీ" అంటున్నది కూడా ఎల్‌సీడీయే. వెనక దీపం మాత్రం మారింది.

ప్లాస్మా తెర మొదట టీవీ కోసం పుట్టలేదు. 1964లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, వాళ్ల విద్యార్థి రాబర్ట్ విల్సన్ కలిసి దీన్ని తయారు చేశారు. పిల్లలకు కంప్యూటర్ మీద పాఠాలు చెప్పే "ప్లేటో" అనే ఏర్పాటుకు ఒక తెర కావాల్సి వచ్చింది, అందుకోసం. మొదట్లో నారింజ రంగు ఒక్కటే కనపడేది. రంగుల తెరగా, ఇంట్లో పెట్టుకునే టీవీగా మారడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అంటే తాలీమ్ కోసం పుట్టిన వస్తువును మనం జహేజ్ సామాన్‌లో కలిపేశాం.

ఇప్పుడు నఫా చెప్తాను. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, 2009లో బొమ్మ విషయంలో ప్లాస్మాకు సాటి వచ్చే పలచటి టీవీ లేదు. ఆనాటి ఎల్‌సీడీలో రాత్రి సీను వస్తే నలుపు బూడిద రంగులో కనపడేది. ప్లాస్మాలో నలుపు నలుపే. ఎల్‌సీడీలో బంతి వేగంగా పోతే వెనక తోక వచ్చేది. ప్లాస్మాలో ఆ మసక చాలా తక్కువ. మనుషుల ఒంటి రంగు సహజంగా ఉండేది.

అన్నింటికన్నా పెద్ద నఫా మనలాంటి ఇళ్లకే. ఏ మూల నుంచి చూసినా బొమ్మ ఒకేలా ఉండేది. ఆనాటి ఎల్‌సీడీని పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోయేవి. నలుగురున్న ఇంట్లో నలుగురూ సోఫాలో ఎదురుగా కూర్చుంటారు. పద్నాలుగు మంది ఉన్న ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో మీకు తెలుసు.

2011 ఏప్రిల్ 2, వాంఖడేలో వరల్డ్ కప్ ఫైనల్. ఆ రాత్రి సూర్యాపేటలో చెల్లెలి ఇంట్లో ఉన్నాను. దీవాన్‌ఖానా నిండా మనుషులు, గుమ్మంలో పిల్లలు. జనానా గదికి, దీవాన్‌ఖానాకు మధ్య తలుపు దగ్గర పర్దా కొంచెం జరిపి చెల్లెలి సాస్, ఆమె తోడికోడలు, పక్కింటి ఆంటీలు పూర్తిగా పక్క నుంచి చూస్తున్నారు. ధోనీ కొట్టిన ఆఖరి సిక్సర్ సోఫాలో కూర్చున్నవాళ్లకు ఎంత సాఫ్‌గా కనపడిందో, పర్దా పక్కన నిలబడ్డ వాళ్లకూ అంతే సాఫ్‌గా కనపడింది. చెల్లెలి సాస్ నా వైపు చూసి, "నీ టీవీ బాగుంది బేటా" అన్నారు. నాకు ఎంత ఖుషీ అయిందో. "మీ అబ్బా టీవీ" అనలేదామె. ఆ తేడా ఆ రాత్రి నాకు తోచలేదు.

మరొక నఫా కూడా ఉంది. పాత ఎల్‌సీడీల వెనక దీపాల్లో పాదరసం ఉండేది. ప్లాస్మాలో పాదరసం లేదు.

ఇక నుక్సాన్. మొదటిది కరెంటు. 42 అంగుళాల ప్లాస్మా సుమారు 250 వాట్లు తాగుతుందనుకుందాం. అంతకన్నా ఎక్కువ తాగినవీ ఉన్నాయి. రోజుకు 8 గంటలు నడిస్తే 2 యూనిట్లు, నెలకు 60 యూనిట్లు. ఈనాటి 43 అంగుళాల ఎల్‌ఈడీ 75 వాట్లు అనుకుంటే నెలకు 18 యూనిట్లు. తేడా 42 యూనిట్లు. మన బిల్లు స్లాబుల్లో ఉంటుంది కాబట్టి ఆ 42 యూనిట్లు పై స్లాబులో పడతాయి. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. ఆ గీత దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. 170 యూనిట్లు వాడే ఇంటికి ఈ 42 కలిస్తే 212. ఒక్క టీవీ వల్ల సున్నా బిల్లు పోయి పూర్తి బిల్లు వస్తుంది. సెకండ్ హ్యాండ్ ప్లాస్మా చౌకగా వస్తోందని మురిసిపోయేవాళ్లు ఈ హిసాబ్ ఒకసారి వేసుకోవాలి.

రెండోది వేడి, బరువు. అన్ని వాట్లు ఎక్కడికి పోతాయి? గదిలోకే. మే నెలలో సూర్యాపేట ఎండ మీకు తెలుసు. కూలర్ ఒక పక్క, ఈ టీవీ ఒక పక్క. తెర మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. బరువు సుమారు 30 కిలోలు. మట్టి గోడకు తగిలించే ధైర్యం చాలక మా బహనోయి దానికోసం ప్రత్యేకంగా ఒక బల్ల చేయించారు. ఆ బల్ల ఖర్చు కూడా మా అబ్బా దగ్గరికే వచ్చింది.

మూడోది వెలుతురు. ప్లాస్మా ముందు అద్దం ఉంటుంది. చీకటి గదిలో అది బాద్‌షా. ఎండ పడే గదిలో అద్దమే. వాళ్ల దీవాన్‌ఖానా తూర్పు ముఖం. పొద్దున పూట తలుపు తీస్తే తెర మీద వార్తల బదులు వీధి కనపడేది, సైకిల్ మీద పోయే పాలవాడు కూడా. షోరూమ్‌లో ఈ సంగతి నాకు తట్టలేదు. అక్కడ నాకు చూపించిన సేల్స్‌మన్ ప్లాస్మాను ఒక చీకటి గదిలో పెట్టి చూపించాడు. చెల్లెలి ఇంట్లో అలాంటి గది లేదు. ఆ ఇల్లు ఎటువైపు ఉందో, ఎండ ఎక్కడ పడుతుందో చూడకుండానే నేను టీవీ కొన్నాను.

నాలుగోది మరక. ప్లాస్మా గదుల్లో పూసిన పొడి వాడే కొద్దీ అరుగుతుంది. తెర అంతా ఒకేలా అరిగితే పర్వాలేదు. ఒకేచోట ఒకే బొమ్మ గంటల తరబడి నిలబడితే అక్కడ ఎక్కువ అరిగి, ఆ బొమ్మ నీడలాగా మిగిలిపోతుంది. చానెల్ గుర్తు, కింద పరిగెత్తే వార్తల పట్టీ, స్కోర్‌బోర్డు, ఇవన్నీ దానికి దుష్మన్లు. కొద్దిసేపు ఉండి పోయే నీడ వేరు, పోకుండా ఉండిపోయే మరక వేరు. మొదటిది చానెల్ మారిస్తే కాసేపటికి పోతుంది. రెండోది పోదు. మొదటి 100, 200 గంటలు వెలుగు తగ్గించి, చానెళ్లు మార్చి మార్చి వాడాలని తెలిసినవాళ్లు చెప్పేవారు. నేను నా కాలమ్‌లో అది రాశాను కూడా. చెల్లెలికి మాత్రం చెప్పలేదు.

చెల్లెలి ససుర్‌కు 2012లో పక్షవాతం వచ్చింది. ఆయన మంచం దీవాన్‌ఖానాలోకే మార్చారు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకటే ఉర్దూ చానెల్. చదువుకున్న మనిషి, మాట పడిపోయింది, ఆ చానెలే ఆయనకు తోడు. రెండేళ్లలో ఆ చానెల్ గుర్తు తెర మూలలో, వార్తల పట్టీ కింది భాగంలో అచ్చు పడిపోయాయి. ఆయన ఇంతెఖాల్ అయ్యాక కూడా ఏ చానెల్ పెట్టినా మూలలో ఆ గుర్తు లీలగా కనపడేది. పిల్లలు కార్టూన్లు చూస్తుంటే కింద ఖాళీ పట్టీ నీడ. "అమ్మేసి వేరేది కొనుక్కోవచ్చు కదా" అని ఒకసారి అన్నాను. చెల్లెలు, "ఉండనీ భయ్యా, మామా గుర్తొస్తారు" అంది. అందుకని దాన్ని నుక్సాన్ లెక్కలో వేయాలో వద్దో నాకు ఇప్పటికీ తెలియదు.

అయిదోది మరమ్మతు. 2014లో ఒక బోర్డు పోయింది. మెకానిక్ 6,500 తీసుకొని మార్చాడు. 2017లో మళ్లీ పోయింది. ఈసారి పార్టు దొరకలేదు. ఎందుకు దొరకలేదో చెప్తాను.

కంపెనీలు కూడా తరాజు పట్టుకుంటాయి. నలుపు అనగానే ప్రపంచమంతా తారీఫ్ చేసిన ప్లాస్మా పయొనీర్ వాళ్ల "కురో". జపాన్ భాషలో కురో అంటే నలుపే. ఆ పయొనీర్ 2009 ఫిబ్రవరిలోనే టీవీల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పానాసోనిక్ 2013 అక్టోబర్‌లో ప్లాస్మా ఆపేస్తున్నట్టు చెప్పింది. శామ్‌సంగ్, ఎల్‌జీ 2014తో చాలించాయి. కారణాలు దాచిపెట్టినవేమీ కావు. ఎల్‌సీడీని చిన్న సైజుల నుంచి పెద్ద సైజుల దాకా చేయొచ్చు. ప్లాస్మాను చిన్నగా చేయడం కష్టం. తెరలో చుక్కలు పెరిగే కొద్దీ గదులు ఇంకా చిన్నవి కావాలి, అవి వెలగడానికి కరెంటు ఇంకా ఎక్కువ కావాలి. 2010లో పానాసోనిక్ 4కే ప్లాస్మాను చూపించినప్పుడు అది 152 అంగుళాలు ఉంది. అంత టీవీని ఏ దీవాన్‌ఖానాలో పెడతాం? ఇంతలో ఎల్‌సీడీ వెనక ఎల్‌ఈడీ దీపాలు వచ్చి అది పలచబడింది, తేలికైంది, కరెంటు తగ్గింది, ధర పడిపోయింది. బొమ్మలో గెలిచిన ప్లాస్మా మిగతా అన్నింటిలో ఓడిపోయింది.

పయొనీర్ వార్తను 2009లో నా పేజీలో నేనే నాలుగు లైన్లలో రాశాను. అదే ఏడాది చెల్లెలికి ప్లాస్మా కొనిపించాను. ఎంత తెలిసినా ఏం ఫాయిదా చూడండి.

ఇక్కడే నా అసలు మాట. నా దగ్గర సమాచారం లేక కాదు. ప్లాస్మా మంచిచెడ్డలు నా కలం కొసన ఉన్నాయి. అయినా తరాజు ఎందుకు పనిచేయలేదు? ఎందుకంటే కోరినవాడు ఒకడు, ఎంచినవాడు ఒకడు, డబ్బు కట్టినవాడు ఒకడు, కరెంటు బిల్లు కట్టినవాడు ఇంకొకడు. కోరింది వియ్యాలవారు. ఎంచింది నేను. పీఎఫ్ పోయింది అబ్బాది. బిల్లు కట్టింది బహనోయి. తుడిచింది, మెకానిక్ కోసం తిరిగింది, ఎండ పడకుండా పర్దాలు కుట్టింది చెల్లెలు. ఆమెనైతే ఎవరూ అడగనే లేదు.

నా సొంత డబ్బుతో నా ఇంటికి టీవీ కొనుక్కుంటే ఏం చేస్తాను? గోడ కొలుస్తాను. ఎండ ఎటు పడుతుందో చూస్తాను. బిల్లు ఎంత పెరుగుతుందో అడుగుతాను. బేరం చేస్తాను. పండగ ఆఫర్ దాకా ఆగుతాను. "ఇప్పుడొద్దు" అని కూడా అనుకోగలను. జహేజ్ టీవీకి ఈ ఒక్క ప్రశ్నా ఉండదు. అక్కడ ఒకటే ప్రశ్న, "పెద్ద కోడలు తెచ్చినదానికన్నా పెద్దదేనా?" కొనేవాడూ కోరేవాడూ ఒకరు కానప్పుడు ఎన్ని నఫా-నుక్సాన్లు రాసినా కాగితం మీదే.

కొందరు అంటారు, "వాళ్లు అడగలేదు కదా, మనం ఖుషీతో ఇస్తున్నాం, తోహ్‌ఫా." సరే. తోహ్‌ఫా అయితే సైజు ఇచ్చేవాడు చెప్పాలి, పుచ్చుకునేవాడు కాదు. గడప దగ్గర చెప్పులేసుకుంటూ అంగుళాలు చెప్తే అది తోహ్‌ఫా కాదు, ఆర్డర్. ఇంకొందరు, "చూసేది మన అమ్మాయే కదా" అంటారు. నిజమే. అయితే ఆ డబ్బు ఆమె చేతిలో పెట్టి, ఆరు నెలలు కాపురం చేశాక ఆమెకు ఏది కావాలో ఆమెనే కొనుక్కోనివ్వండి. టీవీ కొంటుందో, కుట్టుమిషన్ కొంటుందో, చదువు పూర్తి చేస్తుందో ఆమె ఇష్టం. మూడో రకం వాళ్లు, "ఇవ్వకపోతే రిష్తా పోతుంది" అంటారు. ఈ మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఇది మజ్బూరీ. పోయే భయం అమ్మాయి తండ్రికి మాత్రమే ఎందుకు ఉండాలో మనం ఆలోచించాలి.

1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడం, పుచ్చుకోవడం, అడగడం మూడూ నేరమే. మెహర్‌ను ఆ చట్టం కట్నం లెక్కలోంచి మినహాయించింది. ఎందుకంటే మెహర్ అబ్బాయి అమ్మాయికి ఇచ్చేది. మన ఇళ్లలో మెహర్ "తర్వాత చూద్దాం" అని కాగితం మీద మిగిలిపోతుంది, జహేజ్ మాత్రం నికాహ్‌కు ముందే ట్రక్కులో పోతుంది.

ఇప్పుడు రెండు పనికొచ్చే మాటలు.

సెకండ్ హ్యాండ్ ప్లాస్మా కొందామనుకునే వాళ్లకు. కొత్తవి తయారు కావడం ఆగిపోయి పదేళ్లు దాటింది. మీ ముందున్న సెట్ వయసు పదేళ్ల పైనే. తెర మొత్తం తెల్లగా, తర్వాత ఎర్రగా ఉండే బొమ్మ పెట్టించి చూడండి, మరకలు ఉంటే బయటపడతాయి. శబ్దం తగ్గించి చెవి దగ్గర పెట్టి వినండి, జుమ్మని మోగుతోందేమో. వెనక అంటించిన కాగితం మీద వాట్లు చదవండి. బండిలో తెచ్చేటప్పుడు పడుకోబెట్టకండి, నిలబెట్టే తీసుకురండి. చీకటి గది ఉండి, రోజుకు గంటో రెండు గంటలో పాత సినిమాలు చూసే షౌక్ ఉన్నవాళ్లకు అది ఇప్పటికీ మజా ఇస్తుంది. పొద్దస్తమానం వార్తలు నడిచే ఇంటికి మాత్రం నక్కో. పార్టు పోతే దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఓఎల్‌ఈడీ గురించి అడిగే వాళ్లకు. అది ఒక రకంగా ప్లాస్మాకు వారసుడు. అందులో కూడా ప్రతి చుక్కా తన వెలుగు తానే ఇచ్చుకుంటుంది. నలుపు నలుపే. ఏ మూల నుంచి చూసినా బాగుంటుంది. ప్లాస్మా అంత బరువు, అంత వేడి లేవు. మరక పడే గుణం మాత్రం దీనికీ ఉంది. ఇప్పటి సెట్లలో దాన్ని తగ్గించే ఏర్పాట్లు పెట్టారు, అయినా ఒకే చానెల్ రోజంతా పెట్టి వదిలేసే ఇంటికి ఇది సరైన వస్తువు కాదు. బాగా ఎండ పడే గదిలో మామూలు ఎల్‌ఈడీయే మేలు. 43 అంగుళాల ఎల్‌ఈడీ ధరకు 65 అంగుళాల ఓఎల్‌ఈడీ చాలా రెట్లు. ఆ తేడా ఎవరి జేబులోంచి పోతుందో ముందు చూడండి, తర్వాత అంగుళాలు.

ఆపాకు ఏం చెప్పానంటారా? ఆదివారం నల్గొండ పోయాను. అబ్బా పక్కన కూర్చొని, "2009లో మీ మాట వినాల్సింది" అన్నాను. ఆయన తస్బీహ్ తిప్పుతూ కాసేపు ఖామోష్‌గా ఉన్నారు. "డబ్బు పోయినందుకు బాధ లేదు బేటా. నేను నక్కో అన్నప్పుడు నువ్వు నా ముఖం కూడా చూడలేదు" అన్నారు. ఏం జవాబివ్వను?

ఆపా, దుల్హా భాయ్ ఇద్దరూ భాంజీని పిలిచి అడిగారు. పిల్ల తడుముకోకుండా చెప్పింది, "నాకు ఏ టీవీ వద్దు మామూ. మాకు అవసరమైతే ఇద్దరం ఉద్యోగం చేస్తాం కదా, కొనుక్కుంటాం. ముందు వాళ్ల హాల్లో ఎండ ఎటు పడుతుందో నాకేం తెలుసు?" ఆ ఆఖరి మాట నా నోట విన్నదే లెండి.

దుల్హా భాయ్‌కు భయంగానే ఉంది. అయినా ఫోను నేనే చేశాను. అబ్బాయి తండ్రికి సలాం చెప్పి, మర్యాదగానే చెప్పాను. నికాహ్ సాదాగా మసీదులో చేస్తాం. అమ్మాయి పేరు మీద కొంత రకమ్ బ్యాంకులో వేస్తాం, అది ఆమె అమానత్. టీవీ, ఫర్నిచర్ పిల్లలిద్దరూ తమ ఇల్లు చూసుకొని, తమ కమాయితో కొనుక్కుంటారు. అటు నుంచి కాసేపు ఏమీ వినపడలేదు. "ఘర్‌లో మష్వరా చేసి చెప్తాం భాయ్ సాబ్" అన్నారు.

నేను ఇది రాసేనాటికి అయిదు రోజులైంది. ఇంకా ఫోను రాలేదు. ఆపా రోజుకు రెండుసార్లు నాకు చేస్తోంది. భాంజీ మాత్రం మామూలుగానే డ్యూటీకి పోయి వస్తోందట.

రిష్తా నిలవాలని మాకందరికీ ఉంది. నిలవకపోతే ఆ నింద కూడా నా మీదే పడుతుందని తెలుసు. 2009లో నా గొప్ప కోసం అబ్బా డబ్బు ఖర్చు పెట్టించాను. ఈసారి నష్టం వస్తే నా మాట మీద, నా పేరు మీద రానీ. మా భాంజీ కోసం దువా చేయండి. మీ ఇంట్లో కూడా ఇలాంటి అంగుళాల మాట నడుస్తుంటే, షోరూమ్‌కు పోయే ముందు ఒక్కసారి ఇంట్లో పెద్దాయన ముఖం చూడండి.

ఖుదా హాఫిజ్.